స్కై ఉండగా ఆర్క్నీ దాకా పోవడం అవసరమా?

గ్లాస్గో గోదారోడు (చర్చ మొదలుపెట్టినవారు)

మే నెలలో నాలుగు రోజులు సెలవు కుదిరింది. మేమిద్దరమే, గ్లాస్గో నుంచి సొంత కారులో బయల్దేరతాం. నా ఓటు స్కాట్లాండ్ పడమటి ఒడ్డున ఉన్న స్కై దీవికి. వంతెన ఉంది కాబట్టి ఫెర్రీ గొడవ లేదు, కొండలున్నాయి, జలపాతాలున్నాయి, మనవాళ్ళు పెట్టే ఫొటోలన్నీ అక్కడివే. మా ఆవిడ మాత్రం స్కాట్లాండ్ ఉత్తర కొస అవతల ఉన్న ఆర్క్నీ దీవులంటోంది. ఎక్కడో అక్కడి ఇటాలియన్ చాపెల్ అనే చిన్న చర్చి ఫొటో చూసింది, అప్పట్నుంచి అదే పాట. ఆఫీసులో ఒక స్కాటిష్ ఆయన్ని అడిగితే "గాలి, ఆవులు, రాళ్ళు, అంతే" అన్నాడు. మ్యాప్ చూస్తే దేశం కొస దాకా పోయి అక్కడ ఓడెక్కాలి. సరదాగా తిరిగిరావడానికి కదా వెళ్ళేది, అంత దూరం పోయి గాలికి ఎదురు నిలబడి రావడం దండగేమోనని నా అనుమానం. రెండూ చూసినవాళ్ళు చెప్పండి. నాలుగు రోజుల్లో రెండూ చుట్టేయమని మాత్రం అనకండి.

లీడ్స్ సీతాఫలం

స్కై. ఇందులో ఆలోచించడానికేముంది? అక్కడి పెద్ద ఊరు పోర్ట్రీలో బస పెట్టుకోండి. ఒకరోజు ఉత్తరం వైపు ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టార్ అనే నిటారు రాతి స్తంభం, క్విరైంగ్ కొండలు. ఇంకోరోజు పడమర నీస్ట్ పాయింట్ లైట్‌హౌస్, దారిలోనే డన్‌వెగన్ కోట. మీ ఆవిడ చీర కట్టుకుని క్విరైంగ్ మలుపులో నిలబడితే ఆ ఫొటో పదేళ్ళయినా గోడ దిగదు. ఆర్క్నీలో వెనకాల ఏముంటుంది? గడ్డి. స్కై వంతెన 1995లో వచ్చింది, 2004 చివర్లో టోల్ కూడా ఎత్తేశారు. ఎప్పుడనుకుంటే అప్పుడు బయటపడొచ్చు. ఫెర్రీ రద్దయితే మీరు దీవి మీదే ఉండిపోతారు. ఆఫీసులో ఏం చెప్తారు?

ముడుమాల్ పోరడు

రాళ్ళు జూసుడుకు గంత దూరం ఎందుకన్నా? మా నారాయణపేట జిల్లా ముడుమాల్ల కృష్ణ ఒడ్డుకు నిలువురాళ్ళున్నయి, మనిషికి రెండింతల ఎత్తువి గూడ ఉన్నయి. 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కినయి. మనోళ్ళల్ల సగం మంది ఆ ఊరి పేరే ఇనలే. గదే విదేశం రాయైతే టికెట్ గొని లైన్ల నిలబడతరు. నేనైతే స్కై అంట. కొండలు మనకాడ గట్ల ఉండయి.

అబర్డీన్ అక్క

ముందు దూరం సంగతి తేలుద్దాం తమ్ముడూ. గ్లాస్గో నుంచి పోర్ట్రీకి ఎలా లేదన్నా ఐదు గంటలు. స్క్రాబ్‌స్టర్ రేవుకి ఆరు గంటలు, అక్కడి నుంచి ఆర్క్నీలోని స్ట్రోమ్‌నెస్‌కి గంటన్నర ఓడ. కారు లైన్లో పెట్టే టైము కలిపినా తేడా మూడు గంటలు. ఆ గంటన్నర కూడా ఊరికే పోదు. ఓడ హోయ్ దీవి పక్కనుంచే వెళ్తుంది, 137 మీటర్ల ఎర్రరాతి స్తంభం, ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హోయ్, డెక్ మీద నుంచి కళ్ళెదురుగా కనిపిస్తుంది. స్కైలో స్టార్ దగ్గరికి కొండెక్కాలి, ఇక్కడ టీ కప్పు చేతిలో పట్టుకుని చూస్తారు.

ఇక గాలి. మీ ఆఫీసాయన అబద్ధం చెప్పలేదు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఉంది, జుట్టు దువ్వుకోవడం మానేశాను. కానీ ఆర్క్నీలో చూడాల్సినవాటిలో సగం ఆ గాలి పెట్టిన భిక్షే. అక్కడ చెట్లు సరిగా ఎదగవు. ఐదు వేల ఏళ్ళ కింద స్కారా బ్రే ఊళ్ళో కలప తక్కువ కాబట్టి మంచాలు, అరలు, పొయ్యి చుట్టూ గట్లు, అన్నీ రాతి పలకలతోనే కట్టుకున్నారు. అందుకే మిగిలాయి. ఇసుక కప్పేసిన ఊరిని మళ్ళీ 1850లో ఒక తుఫానే బయటపెట్టింది. గీజా పిరమిడ్లు కట్టక ముందు సంసారాలు చేసిన ఇళ్ళవి. వాకిలికి ఎదురుగా గోడకి అలమరా, రెండు పక్కలా రెండు మంచాలు. మా ఆయన చూసి "ఎవరి మంచం పెద్దదో చూడు" అన్నాడు, అక్కడ పావుగంట నవ్వుకున్నాం.

గడ్డి తప్ప ఏమీ లేదన్న సీతాఫలం గారికి: స్కైలో గాలి లేదా? స్టార్ దారిలో పైకి వెళ్ళేసరికి మనిషిని తోసేస్తుంది. దానికి తోడు వాన. కూలిన్ కొండలు మబ్బుల్ని పట్టుకుని అక్కడే కుమ్మరిస్తాయి. మబ్బు దిగితే మీ క్విరైంగ్ ఫొటోలో చీర ఒక్కటే కనిపిస్తుంది. ఆర్క్నీలో చాలాభాగం బల్లపరుపు, వాన వచ్చినా ఎక్కువసేపు ఆగదు, గాలే తోలేస్తుంది. మిడ్జెస్ అని కుట్టే నుసి ఉంటుందే, అది కూడా గాలున్న చోట ఎగరలేదు.

లీడ్స్ సీతాఫలం

అక్కా, మీరు ఆ ఓడ దాటే జలసంధి, పెంట్లాండ్ ఫర్త్ గురించి మాట్లాడకుండా దాటేశారు. బ్రిటన్ చుట్టూ ఆటుపోట్ల ఉరవడి అంత ఎక్కువగా ఉండే చోట్లు తక్కువ. అట్లాంటిక్, ఉత్తర సముద్రం రెండూ ఆ ఇరుకులో కొట్టుకుంటాయి. టీ కప్పు చేతిలో పట్టుకుని చూస్తారట! మా ఆయన చేతిలో ఉన్నది వేరే కవరు. ఓల్డ్ మ్యాన్ ఎటు ఉన్నాడో కూడా ఆయనకి తెలీదు. దిగాక ఆ రోజంతా పడుకునే ఉన్నాడు. నాలుగు రోజుల సెలవులో రానూపోనూ చెరో రోజు పోతే మిగిలేది రెండు రోజులు. అందులో ఒకటి మంచానికి అంకితం.

రాతి మంచాలు చూసి పావుగంట నవ్వుకున్నారంటే సంతోషం. అందరు మొగుడూపెళ్ళాలూ మ్యూజియం మనుషులు కారు. కొందరికి బోర్డులు చదువుతూ తిరగడం సెలవు కాదు, హోంవర్కు. స్కైలో ఏమీ చదవక్కర్లేదు, కారు ఆపి చూస్తే చాలు.

చరిత్ర చాదస్తం

స్కైలో కారు ఆపి చూస్తే చాలు అన్నారు. ఆపడానికి చోటెక్కడ? 2017 వేసవిలో స్కై నిండిపోయిందన్న వార్తలు దేశమంతా వచ్చాయి. తర్వాత పార్కింగులు పెంచారు గానీ ఫెయిరీ పూల్స్ అనే జలపాతాల మడుగుల దగ్గర పది దాటాక వెళ్ళి చూడండి. చాలాచోట్ల ఒకటే వరస రోడ్డు. ఎదురుగా క్యాంపర్ వ్యాన్ వస్తే పక్కకి తప్పుకోవడానికి ఇచ్చిన జాగాలో మనవాళ్ళే కారు పెట్టి సెల్ఫీలు దిగుతుంటారు. స్థానికులకి ఒళ్ళు మండేది దానికే.

గోదారోడు గారూ, మీకు ఇంకో సంగతి. మీరు ఆర్క్నీని తేలిగ్గా తీసేస్తున్నారు గానీ అవి కట్నం బాకీలో పోయిన దీవులు. 1468లో డెన్మార్క్, నార్వేల రాజు మొదటి క్రిస్టియన్ తన కూతురు మార్గరెట్‌ని స్కాట్లాండ్ రాజు మూడో జేమ్స్‌కి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. కట్నం 60,000 ఫ్లోరిన్లు. చేతిలో డబ్బు లేక 50,000కి ఆర్క్నీని తాకట్టు పెట్టాడు. మిగతా 10,000లో 2,000 ఇచ్చి, 8,000కి షెట్లాండ్‌ని కూడా పెట్టాడు. విడిపించుకోలేకపోయాడు. 1472లో స్కాట్లాండ్ కలిపేసుకుంది. అందుకే అక్కడి ఊళ్ళ పేర్లు స్కాటిష్‌గా ఉండవు, నార్స్ వాళ్ళవి, అంటే నార్వే నుంచి వచ్చిన వైకింగులవి. ఆర్క్నీ పెద్ద ఊరు కర్క్‌వాల్‌లో ఉన్న సెయింట్ మాగ్నస్ ఎర్రరాతి చర్చి 1137లో మొదలుపెట్టారు, అప్పటికి అక్కడ స్కాట్లాండ్ రాజుల పెత్తనమే లేదు.

ముడుమాల్ పోరడు

కట్నం కింద దీవులా! గీ మాట మా మేనమామకు చెప్పకుర్రి, రేట్లు పెంచుతడు.

వైజాగ్ ఒడ్డు

నేను స్కాట్లాండ్ చూడలేదు, స్కై లేదు ఆర్క్నీ లేదు. కానీ మొదటి పోస్టు రెండుసార్లు చదివాను. మీ ఆవిడ ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారో ఐదో వాక్యానికే తెలిసిపోయింది. ఇంక ఈ ఓటింగ్ దేనికండీ?

గ్లాస్గో గోదారోడు

ఒడ్డు గారూ, సెలవు ఇద్దరిదీ, డబ్బు ఇద్దరిదీ. పోయిన ఏడాది ఆవిడ చెప్పిన చోటికే వెళ్ళాం, ఈసారి వంతు నాది. ఆవిడ ఈ చర్చ చదువుతూనే ఉంది, పక్కనే ఉంది, సీతాఫలం గారి మీద గుర్రుగా ఉంది. నేను అడిగేది ఒక్కటే: ఆ చాపెల్ ఒక్కటి చూడటానికి ఓడ ఖర్చు పెట్టుకుని అంత దూరం పోవచ్చా? ఫొటోలో చూస్తే రేకుల షెడ్డులా ఉంది.

అబర్డీన్ అక్క

రేకుల షెడ్డే. రెండు నిస్సెన్ షెడ్లు (సగం గొట్టంలా వంచిన రేకు షెడ్లు) కొసకి కొస కలిపి కట్టారు. అదే కదా విషయం. 1939 అక్టోబరు 14న జర్మన్ జలాంతర్గామి ఆర్క్నీ దీవుల మధ్య ఉన్న నౌకాదళ రేవు స్కాపా ఫ్లో లోపలికి దూరి రాయల్ ఓక్ అనే యుద్ధనౌకని ముంచింది, ఎనిమిది వందల మందికి పైగా పోయారు. ఆ సందులు మూయడానికి చర్చిల్ హయాంలో దీవుల మధ్య నాలుగు అడ్డుకట్టలు వేశారు. దానికి పనివాళ్ళు కావాలి. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ ఇటలీ సైనికుల్ని 1942లో తెచ్చి లాంబ్ హోమ్ అనే చిన్న దీవి మీద పెట్టారు. పగలు కాంక్రీటు దిమ్మెలు పోసి, మిగిలిన టైములో దొరికిన సామానుతో ఆ గుడి చేసుకున్నారు. దీపాలు మాంసం డబ్బాల రేకుతో చేసినవి. గోడలకి ఇటుకలూ చెక్కడాలూ ఉన్నట్టు కనిపిస్తుంది, దగ్గరికెళ్ళి చూస్తే అన్నీ రంగు పూతలే. డొమెనికో కియోకెట్టి అనే ఖైదీ వేశాడు. మిగతావాళ్ళు వెళ్ళిపోయాక కూడా పని పూర్తి చేయడానికి ఆయన ఆగాడు, 1960లో మళ్ళీ వచ్చి బాగుచేసి వెళ్ళాడు. లోపల ఉండేది పావుగంటే. తర్వాత ఆ అడ్డుకట్టల మీద కారు నడుపుతుంటే పక్కన సగం మునిగిన పాత ఓడల తుప్పు ఇనుము కనిపిస్తుంది. అడ్డుకట్టలు కట్టకముందు దారి మూయడానికి ముంచినవి అవి.

సీతాఫలం గారూ, హోంవర్కు అన్నారు కదా. మేస్ హౌ అని ఒక రాతి సమాధి ఉంది, అదీ ఐదు వేల ఏళ్ళదే. దాని గోడల నిండా పన్నెండో శతాబ్దంలో దూరిన నార్స్ వాళ్ళు రూన్ లిపిలో గీతలు గీశారు. అచ్చం మన గోల్కొండ గోడల మీద గుండె బొమ్మలు వేసి పేర్లు చెక్కే బాపతే. ఒకడు "ఇంగిగెర్త్ అందరి ఆడవాళ్ళలోకీ అందగత్తె" అని రాశాడు. గైడు చీకట్లో టార్చి వేసి చదివి చెప్తాడు, మీరు బోర్డు చదవక్కర్లేదు. ముందే బుక్ చేసుకోవాలి, అప్పటికప్పుడు వెళ్తే దొరకదు.

బడ్జెట్ బాబాయి

అందరూ కవిత్వం చెప్తున్నారు, డబ్బు మాట ఎవరూ ఎత్తట్లేదు. కారుతో ఓడెక్కితే అసలు ఖర్చు కారుకే. ఇద్దరు మనుషులు నడిచి ఎక్కితే చాలా తక్కువ. కానీ అక్కడ కారు లేకుండా అన్నీ చూడటం కష్టం, బస్సులున్నా మీ టైముకి రావు. నాలుగు రోజులకి అద్దె కారు ఎంతవుతుందో, సొంత కారు ఓడ మీద ఎంతవుతుందో రెండూ పక్కపక్కన వేసి చూడండి. గిల్స్ బే నుంచి సెయింట్ మార్గరెట్స్ హోప్‌కి ఇంకో కంపెనీ ఓడ ఉంది, గంటలో దాటుతుంది. దిగిన చోటు నుంచి చాపెల్ దారిలోనే పడుతుంది.

బసలో వంటగది ఉండేట్టు చూసుకోండి. కర్క్‌వాల్ దాటితే సాయంత్రం తినడానికి తెరిచి ఉన్నది వెతుక్కోవాల్సిందే. చేపలు, బీఫ్, చీజ్ బాగుంటాయి. శాకాహారులైతే పులిహోర పొడి, ఆవకాయ సీసా తప్పనిసరి. ఆర్క్నీలోనే నార్త్ రోనల్డ్సే అనే దీవి ఉంది, అక్కడి గొర్రెలు సముద్రపు నాచు మేస్తాయి. పొలాల్లోకి రాకుండా 1832లో దీవి చుట్టూ రాతి గోడ కట్టి ఒడ్డుకి తోలేశారు. ఆ మాంసం రుచి వేరే. దొరికితే వదలకండి.

ఇంకోటి. కారు దిగేటప్పుడు డోరు గట్టిగా పట్టుకోండి. కారు ముక్కు గాలికి ఎదురుగా పెట్టి ఆపండి. డోరు గాలికి వెనక్కి విరిగితే ఎవరి ఖర్చో అద్దె కాగితంలో ముందే చదువుకోండి.

లీడ్స్ సీతాఫలం

డోరు పట్టుకోకపోతే విరిగిపోయే ఊరికి హాలిడే! బాబాయ్, మీరు నా పార్టీయే అనుకుంటా.

అక్కా, ఇంగిగెర్త్ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ గాలి కథ మీరు వేడి గదిలో కూర్చుని చెప్తున్నారు. బయట నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడుకోలేని చోట మొగుడూపెళ్ళాం ఏం కబుర్లు చెప్పుకుంటారు? రింగ్ ఆఫ్ బ్రాడ్గర్ అనే నిలువురాళ్ళ వలయం దగ్గర మేం చేసింది ఒకటే, "ఆఁ? ఏంటీ?" అని అరుచుకోవడం. అరవై రాళ్ళలో ఇరవై ఏడు మిగిలాయట. ఇరవై ఏడూ లెక్కపెట్టే ఓపిక లేక కారెక్కేశాం.

చరిత్ర చాదస్తం

అరుచుకుంటే ఏమైంది? ఇంట్లో అరుచుకోరా? మే మధ్యలో అక్కడ పదిహేడు గంటల వెలుతురు. రాత్రి తొమ్మిదికి బ్రాడ్గర్ వెళ్ళండి, బస్సులన్నీ వెళ్ళిపోతాయి, టికెట్ లేదు, గేటు లేదు. అసలు బెడద గాలి కాదు, క్రూయిజ్ ఓడలు. కర్క్‌వాల్‌కి ఒక్కోరోజు వేల మంది దిగుతారు. దీవులన్నిటి జనాభా కలిపితే ఇరవై రెండు వేలు. ఆ రోజున స్కారా బ్రేలో మీకు రాతి మంచం కనపడదు, ముందున్నవాళ్ళ రెయిన్‌కోట్లు కనపడతాయి. స్కై రద్దీ అని నేనే అన్నాను, ఇక్కడ లేదని అనను. కాకపోతే ఇక్కడ రద్దీ ఏ రోజో ముందే తెలుస్తుంది.

గ్లాస్గో గోదారోడు

ఆ ఓడల రోజులు ఎక్కడ చూడాలండీ? బిర్సే దగ్గర పఫిన్ పక్షులుంటాయని మా ఆవిడ అంటోంది, అది మేలో నిజమేనా?

అబర్డీన్ అక్క

ఆర్క్నీ హార్బర్ వాళ్ళ వెబ్‌సైట్‌లో పట్టిక ఉంటుంది, ఏ రోజు ఏ ఓడ, ఎంతమంది అని. పెద్ద ఓడ ఉన్న రోజు స్కారా బ్రే వదిలేసి హోయ్ వెళ్ళండి. పఫిన్లు మే నుంచి జులై దాకా ఉంటాయి. బ్రఫ్ ఆఫ్ బిర్సే అనే చిన్న దీవికి పోటు తీసినప్పుడే నడిచి వెళ్ళగలరు, నీళ్ళు బాగా తగ్గిన సమయానికి రెండు గంటలు అటూ ఇటూ. ఆ టైము చూసుకోకుండా వెళ్తే అవతలే కూర్చోవాలి.

లీడ్స్ సీతాఫలం

ఓడ రద్దయితే దీవి మీద, పోటు వస్తే దీవి పక్క దీవి మీద. భలే హాలిడే. గోదారోడు గారూ, ఓడల పట్టిక అడిగారంటే అటే మొగ్గారని అర్థమైంది. వాంతుల మాత్ర ఓడ కదిలాక కాదు, ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి. స్కై వంతెనకి ఆ మాత్ర అక్కర్లేదు, అది మాత్రం మీ ఆవిడకి వినపడేట్టు చదవండి.