మోటర్‌హోమ్ వెనక టోచన్ కారు: సాయంత్రానికి బ్యాటరీ డౌన్, ఏం చేయాల?

చిత్తూరు అమ్మాయి, న్యూ మెక్సికో

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు, గిరింపేట. నర్సు పని. అమెరికా వచ్చి ఇంకా మూడేళ్లు కాలేదు. ఇప్పుడు పదమూడు వారాలకో ఊరు మారే ఉద్యోగంలో చేరాను. ప్రతిచోటా అద్దె ఇల్లు వెతకలేక ఆయనా నేనూ ఒక పాత మోటర్‌హోమ్ (లోపలే ఇల్లులాగా ఉండే పెద్ద బండి) కొన్నాం. మా 2012 హోండా సీఆర్‌వీని నాలుగు చక్రాలూ నేలమీదే ఉంచి, వెనక టో బారుకు తగిలించి లాక్కుపోతున్నాం.

మొదటి రోజు ఆరు గంటలు నడిపి ఆగినాక కారు కాస్త నసిగి స్టార్టయింది. రెండో రోజు సాయంత్రం తాళం తిప్పితే టిక్ టిక్ తప్ప ఉలుకూ పలుకూ లేదు. పక్క సైటు పెద్దాయన జంపర్ కేబుళ్లు తెచ్చి లేపాడు. కారులో బ్రేకు తొక్కే పెట్టె ఒకటి ఉంది, సిగరెట్ సాకెట్‌లో గుచ్చేది. బ్యాటరీ కొని ఏడాది కాలేదు, టెస్ట్ చేయిస్తే బాగానే ఉందన్నారు. శుక్రవారం మళ్లీ బయల్దేరాలి. పెద్దవాళ్లు ఎవరైనా చెప్పండి.

పీలేరు మామ, డాలస్

నెగటివ్ టెర్మినల్ పీకెయ్ అమ్మా. ఆగినాక తగిలించుకో. నేను మాన్యువల్ గేరు కారును అట్లనే నాలుగేండ్లు లాగినా. పది నిమిషాల పని.

తిరుపతి అన్న, ఫీనిక్స్

మామా, మీ కారులో బ్రేకు పెట్టె ఉన్నిందా? ఈ అమ్మాయి టెర్మినల్ పీకితే ఆ పెట్టె చస్తాది. మోటర్‌హోమ్ బ్రేకు తొక్కినప్పుడు వెనకున్న ఒకటిన్నర టన్ను కారు ఊరికే తోసుకుంటా వస్తాది. టో బారు ఊడి కారు విడిపోతే దానంతట అది ఆగాల్సింది కూడా ఆ పెట్టెతోనే. కాబట్టి పీకొద్దు చెల్లెమ్మా.

మన తావ టోచన్ ఎట్ల చేస్తారో గుర్తు తెచ్చుకో. భాకరాపేట ఘాట్‌లో అంబాసిడర్ ఆగిపోతే ముందర లారీకి తాడు కడతారు. వెనక కారులో ఒక మనిషి కూర్చుంటాడు. స్టీరింగు తిప్పేది ఆయనే, తాడు వదులైతే బ్రేకు తొక్కేది ఆయనే. మీ కారులో మనిషి లేడు. ఆయన పనంతా బ్యాటరీ నెత్తిన పడింది. స్టీరింగు లాక్ పడకుండా తాళాన్ని ఏసీసీ మీద (ఇంజన్ నడవకున్నా కారు సామాన్లకు కరెంటు వచ్చే చోటు) పెట్టినారు కదా, దాంతో కారులో సగం సామాన్లు మేలుకునే ఉంటాయి. దాని మీద బ్రేకు పెట్టె. అది పెడల్ తొక్కినప్పుడల్లా కారు సొంత బ్రేకు లైట్లు కూడా వెలుగుతాయి. 21 వాట్ల బల్బులు రెండున్నాయనుకో, ఆ రెండే మూడున్నర ఏంపియర్లు లాగేస్తాయి. దిగుడు రోడ్డులో ఎన్నిసార్లు తొక్కుతాదో లెక్క పెట్టుకో.

అంతా కలిపి సగటున 4 ఏంపియర్లు అనుకుందాం. ఆరు గంటలకు 24. మీ కారులో ఉండే సైజు బ్యాటరీ 45 ఏంపియర్ అవర్ అటూ ఇటూ ఉంటాది. ఒక పగటికే సగం పోయింది. సాయంత్రం కారెత్తుకోని పాలకో, పెరుగుకో పది నిమిషాలు పోయి వచ్చినారు, దాంట్లో ఎక్కింది చారెడు. రెండో రోజు సగం నుంచే మొదలు. అందుకే మొదటి రోజు నసిగింది, రెండో రోజు పడుకునింది. బ్యాటరీ తప్పేం లేదు.

కానీ ఇట్లనే నాలుగు వారాలు చేస్తే తప్పు బ్యాటరీదే అవుతాది. మా చిన్నాయనకు తిరుపతిలో బ్యాటరీ చార్జింగ్ అంగడి ఉన్నింది. సెలవుల్లో నాకు అక్కడే కూలి లేని కొలువు. బల్ల మీద వరసగా బ్యాటరీలు, ఒక్కోదాని మీద సుద్దముక్కతో బండి నంబరు. మూతలు తీసి, రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టంతో యాసిడ్ పీల్చి, లోపల తేలే బుడిపెను కంటికి ఎదురుగా పట్టుకోని చూసేవాడు. యాసిడ్ చిక్కదనం 1250 దాటితే పక్కకు, 1150 దగ్గర ఉంటే మళ్లీ రాత్రంతా చార్జింగుకు. ట్రాక్టర్లోళ్లు బ్యాటరీని అడుగంటా వాడి తెస్తే తిట్టేవాడు. కారు బ్యాటరీలో పలకలు పల్చన, ఒక్క ఊపులో స్టార్టరును తిప్పేదానికి చేసినవి. మాటిమాటికీ ఖాళీ చేసి అట్లనే వదిలేస్తే పలకల మీద తెల్లగా సల్ఫేటు గట్టిపడి ఇంగ చార్జింగ్ ఎక్కదు. మా చొక్కాలకు బొక్కలు పడినాయి గానీ నేర్చుకున్నది మాత్రం నిలిచింది. తర్వాత కరకంబాడిలో అమరరాజా ఫ్యాక్టరీ పెద్దదై, మూత తీసే పని లేని అమరాన్‌లు వచ్చినాక ఆ గాజు గొట్టానికి పనే లేకపోయింది.

ఇప్పుడు మీటరే గతి. కారు ఆపి రెండు మూడు గంటలు కదిలించకుండా ఉంచి చూడు. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. 12 కన్నా కిందికి పోయిందంటే ఆ రాత్రే చార్జరు పెట్టాల.

శుక్రవారం లోపల చేయాల్సింది చెప్తా. డీసీ కొలిచే క్లాంప్ మీటరు (తీగను పట్టుకోని కరెంటు చూపేది) ఒకటి కొను, ఏసీ మాత్రమే కొలిచేది పనికిరాదు. లాగేటప్పుడు ఎట్ల పెడతారో అట్లనే కారంతా సిద్ధం చేసి, తలుపులు మూసి, పది నిమిషాలాగి నెగటివ్ తీగకు తగిలించి చూడు. పెట్టె తొక్కినప్పుడు ఎంత, ఊరకున్నప్పుడు ఎంత, రెండూ రాసి పెట్టుకో. ఇంకొకరి కారు లెక్క నీ కారుకు సరిపోదు, నేను చెప్పిన 4 కూడా ఉజ్జాయింపే.

చాలామంది ఏసీసీ ఫ్యూజు పీకమంటారు. కారు మాన్యువల్ పుస్తకంలో ఏ ఫ్యూజో చూసి పీకితే లాగుడు బాగా తగ్గుతాది. అయితే దాంతోపాటు సిగరెట్ సాకెట్టు కూడా చచ్చిందేమో చూసుకో. అప్పుడు పెట్టెకు బ్యాటరీ నుంచి నేరుగా, మధ్యలో ఫ్యూజుతో, వేరే సాకెట్టు వేయించుకోవాల.

అసలు మందు చార్జ్ లైను. మోటర్‌హోమ్ వెనక ఏడు పిన్నుల సాకెట్టు ఉండాది కదా, దాంట్లో ఒక పిన్నుకు ఎప్పుడూ 12 వోల్టులు రావాల. అక్కడి నుంచి కారు బ్యాటరీ పాజిటివ్ దాకా 10 గేజి తీగ. రెండు వైపులా 15 ఏంపియర్ ఫ్యూజు. రెండు వైపులా ఎందుకంటే తీగకు రెండు కొసల్లోనూ బ్యాటరీనే ఉంది, మధ్యలో యాడ ఒరుసుకోని షార్టయినా రెండు పక్కల నుంచీ కాలుస్తాది. కారు బ్యాటరీ బాగా ఖాళీ అయి ఉంటే ఒక్కసారిగా జాస్తి కరెంటు గుంజి ఫ్యూజు కొడతాది. అది జరక్కుండా కరెంటును అదుపు చేసే చిన్న డబ్బా దొరుకుతాది, తీగ మధ్యలో పెట్టేది. పోయే నాలుగైదు ఏంపియర్లు వెనక్కి వస్తే చాలు మనకు. మోటర్‌హోమ్ ఇంజన్ నడిచేటప్పుడే ఈ లైను పని చేసేలా రిలే (తనంతట అదే కలిపి విడదీసే స్విచ్చి) పెట్టించుకో. లేకుంటే ఆగినాక కారు పోయి మోటర్‌హోమ్ బ్యాటరీని తాగుతాది.

అంతవరకూ చౌక ఉపాయం: క్యాంపుగ్రౌండ్‌లో కరెంటు ఎట్లైనా ఉంటాది. రాత్రికి మామూలు 10 ఏంపియర్ చార్జరు పెట్టి పడుకోండి. జంప్ ప్యాక్ (పడుకున్న కారును లేపే చిన్న బ్యాటరీ) ఒకటి మోటర్‌హోమ్‌లో పెట్టుకోండి, కారులో కాదు.

శ్రీకాళహస్తి అక్క, మిచిగన్

అన్న చెప్పింది సీఆర్‌వీకి సరే. ఇది చదివేవాళ్లు మిగతా కార్లకు అదే పట్టుకోకండి. మా జీప్ రాంగ్లర్‌కు ట్రాన్స్‌ఫర్ కేసును (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) న్యూట్రల్‌లో పెట్టి, ఆటోమేటిక్ గేరును పార్క్‌లోనే ఉంచాలి. మొదటిసారి నాకు నమ్మకం కుదరక మాన్యువల్ మూడుసార్లు చదివాను. కొన్ని కార్లకు కంపెనీయే నెగటివ్ తీసేయమంటుంది, కొన్నిటికి ఎలక్ట్రిక్ స్టీరింగుకు కరెంటు ఉండి తీరాలి. సీఆర్‌వీ కూడా 2015 నుంచి సీవీటీ గేరుతో (మెట్లు లేకుండా మారే ఆటోమేటిక్ గేరు) వచ్చింది, దాన్ని ఇట్లా లాగకూడదు. చెల్లీ, నువ్వు పాతది కొని మంచి పని చేశావు.

ఇంకొకటి, కారు తగిలించి ఉండగా మోటర్‌హోమ్ వెనక్కి తీయకు, ఒక్క గజం కూడా. టో బారు వంగితే బ్యాటరీ సంగతి గుర్తే ఉండదు.

చిత్తూరు అమ్మాయి

అన్నా, మీటరు పెట్టాం. ఊరకే 3.1, పెట్టె తొక్కితే 9 దాటింది! ఏడు పిన్నుల సాకెట్టు చూస్తే చార్జ్ పిన్నులో చలనమే లేదు. ఆయన బోనెట్ దగ్గర నుంచి వెతుక్కుంటూ పోతే లోపల ఫ్యూజు కాలిపోయి ఉంది. అమ్మినాయన ఈ మాట చెప్పనే లేదు. తీగ ఒక మెకానిక్ వేశాడు. గేరు విషయంలో ఒక సందేహం: బయల్దేరే ముందు గేరును డీ (డ్రైవ్)లో పెట్టి, న్యూట్రల్‌కు తెచ్చి, మూడు నిమిషాలు ఇంజన్ నడపాలి అంటారు కదా, ఆ మూడు నిమిషాల్లో బ్యాటరీ కూడా ఎక్కుతుందా?

తిరుపతి అన్న, ఫీనిక్స్

అది గేర్‌బాక్స్ ఆయిల్ కోసం తల్లీ. బ్యాటరీకి దాంతో ఒరిగేదేం లేదు. అయినా తప్పకుండా చెయ్, రోజులో ఎనిమిది గంటలు దాటి లాగితే మధ్యలో ఆపి మళ్లీ చేయాల. గంటకు 65 మైళ్ల వేగం దాటొద్దు. రిలే వేసినాడా లేదా అడిగి రాయి.

చిత్తూరు అమ్మాయి

వేశాడు. శుక్రవారం ఏడు గంటలు నడిపాం. దిగి, తలుపులు మూసి, వంట చేసుకుని తిన్నాక చూశాం, 12.5. తాళం తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్టయింది.

పీలేరు మామ, డాలస్

నా కారులో బ్రేకు పెట్టె లేదు. ఆ కాలంలో ఎవురూ పెట్టేవాళ్లు కాదు, నేనూ పెట్టలా. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తా ఉండాది. అమ్మాయ్, డాలస్ మీదుగా పోతే ఇంటికి రండి, మోటర్‌హోమ్ నిలిపేదానికి చోటుండాది. వెనక్కి తీసే పని లేకుండా రెండు గేట్లు.