ఫొటో గ్యాలరీలో "కాల్పులు జరిపారు"ని "జరిగాయి"గా మార్చమంటున్నారు. ఏం చేయాలి?

వంశధార_ఒడ్డు:
శ్రీకాకుళం జిల్లాలో పంచాయతీ గ్రంథాలయంలో విరాళాలతో చిన్న ఫొటో గ్యాలరీ వస్తోంది. 24 బోర్డులు, భూస్వాములతో గొడవలో ఇద్దరు గిరిజనులు కాల్పులకు బలైన లేవిడి ఘటన (31 అక్టోబరు 1967) నుంచి థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద సోంపేటలో జరిపిన పోలీసు కాల్పుల (14 జూలై 2010) దాకా. ప్రారంభానికి పిలిచిన నాయకుడి మనుషులు మూడు మార్పులు అడిగారు. సోంపేట బోర్డులో "పోలీసులు కాల్పులు జరిపారు" బదులు "కాల్పులు జరిగాయి" అనాలి. లేవిడి బోర్డులో "భూస్వాములు" తీసేయాలి. శ్రీకాకుళం నక్సలైటు ఉద్యమం నాటి 1969–70 ఎన్‌కౌంటర్ల బోర్డు మొత్తం ఎత్తేయాలి. అన్నీ నోటిమాటే. కమిటీలో సగం మంది "ఒక్క మాటే కదా, పోనీ" అంటున్నారు.

పాత_కాగితం:
ఒక్క మాట కాదండీ. "జరిపారు" అంటే ఎవరని అడగొచ్చు. "జరిగాయి" అంటే వాన కురిసినట్టు దానంతటదే అయిపోయింది. మొదటి మార్పు ఒప్పుకోవద్దు.

మిగతా రెండింటికీ ఆధారాల ఫైలే జవాబు. బోర్డుకి 60–80 మాటలు మించకుండా రాసి, ప్రతి వాక్యానికీ నంబరు వేసి, ఎదురుగా ఎఫ్ఐఆరో తీర్పో ఆనాటి పత్రికో, కనీసం రెండు ఆధారాలు పెట్టండి. ఆధారం లేని వాక్యాన్ని వాళ్లు వేలు పెట్టకముందే మీరే కొట్టేయండి. నిందితుల పేర్లు రాస్తే కేసు ఎలా ముగిసిందో అదే బోర్డు మీద ఉండాలి. సగం రాస్తే పరువు నష్టం నోటీసుకి తలుపు తీసినట్టే.

ఎన్‌కౌంటర్ల బోర్డు ఎత్తకండి, కానీ "బూటకపు" అని మీ గొంతుతో రాయొద్దు. 1970 జూలై 10న ఆ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మరణాన్ని పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు, ఉద్యమకారులు పట్టుకుని చంపారన్నారు. రెండూ పక్కపక్కన, ఎవరు ఎప్పుడు అన్నారో చెప్పి పెట్టండి.

ఒక జాగ్రత్త. 1967లో విజయనగరం జిల్లా లేదు, 1979 జూన్ 1న ఏర్పడింది. అప్పుడు శ్రీకాకుళంలో, తర్వాత విజయనగరంలో ఉన్న లేవిడి ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. కాగితాల కోసం ఒక్క జిల్లా ఆఫీసులోనే వెతికి "లేవు" అనుకోకండి.

కొండగాలి:
రాత సరే, గోడ ఎవరిది? పెరూలో అంతర్గత సాయుధ పోరు నాటి బాధితులను గుర్తుచేసే లిమా స్మృతి కేంద్రాన్ని 2023 మార్చిలో స్థానిక మునిసిపాలిటీ మూసేసింది. చూపిన కారణం ప్రదర్శన కాదు, భద్రతా తనిఖీ ధ్రువపత్రం లేదని. కనుక వైరింగు, మంటలార్పే సిలిండర్ల తేదీ, రెండో తలుపు ముందే చూసుకోండి.

పంచాయతీ తీర్మానంలో "ఫొటో ప్రదర్శన కోసం" అన్న మాట, ఎన్నేళ్లన్నదీ ఉండాలి. 11 నెలల ఒప్పందం రాసుకుంటే ఏటా మీ మెడ వాళ్ల చేతిలోనే. ఏడాది దాటితే రిజిస్ట్రేషను తప్పదు, ఆ ఖర్చు పెట్టండి. తీర్మానం నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, గడువు 30 రోజులు.

ఫొటోలు దానంగా కాక అరువుగా తీసుకోండి. "రాత మారిస్తే ఫొటో వెనక్కి" అన్న షరతు అరువు కాగితంలోనే పెట్టండి. పోలండ్‌లోని గ్దాన్స్క్ యుద్ధ మ్యూజియంలో 2017లో డైరెక్టర్‌ని తీసేసి ప్రదర్శనలో మార్పులు చేస్తే, దాన్ని తయారుచేసినవాళ్లు రచయిత హక్కు పట్టుకునే కోర్టుకెళ్లారు. మీ రాత ఎవరు రాశారో కూడా కాగితం మీద ఉంచండి.

నాగావళి77:
నోటిమాటని అదే రోజు రాతలోకి తెండి. "తమరు ఈ మూడు మార్పులు సూచించారు, కారణం, ఆధారం రాతపూర్వకంగా తెలుపగలరు" అని నాలుగు లైన్ల ఉత్తరం, రిజిస్టరులో తేదీ. చాలా అభ్యర్థనలు ఇక్కడే ఆగిపోతాయి.

చిత్తుప్రతి మాత్రం ఎవరికీ పంపొద్దు. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారు హిరోషిమా మీద బాంబు వేసిన విమానంతో ప్రదర్శన పెట్టబోయి, మాజీ సైనికుల సంఘాలతో మాటమాటా బేరమాడి చిత్తు మీద చిత్తు మార్చారు. చివరికి 1995 జనవరిలో అనుకున్న ప్రదర్శనే రద్దయింది, మే నెలలో డైరెక్టర్ రాజీనామా చేశారు.

మరో మాట. మన సముద్రపు గాలికి పాత ఫొటోలు బూజు పడతాయి. అసలువి పెట్టెలో ఉంచి, గోడకి ప్రింట్లు పెట్టండి. 600 డీపీఐ స్కాన్లు మూడు కాపీలు, ఒకటి జిల్లా దాటి.

వంశధార_ఒడ్డు:
చనిపోయినవాళ్ల కుటుంబమే ఫొటో వద్దంటే?

పాత_కాగితం:
అది వేరే లెక్క. ఫొటో తీసేయండి, పేరూ తేదీ ఉంచడానికి వాళ్లనే అడగండి. ఆ ఫ్రేములో ఇంకో బొమ్మ పెట్టకుండా ఖాళీగా వదిలి, "కుటుంబం కోరిక మేరకు" అని కింద రాయండి.