"అల్లిక జిగిబిగి"యా, "జిగిబిజి"యా? ఆండీస్ నేతల ఫొటో కింద ఏది రాయాలి

ఆసుపోత:
పెద్దలకు నమస్కారం. పెరూ, బొలీవియా కొండల్లో కెచువా, అయ్మారా వాళ్ళు నేసే బట్టల ఫొటోలకు తెలుగులో నాలుగేసి వాక్యాలు రాస్తున్నాను. కుస్కో దగ్గర చింఛేరో ఊళ్ళో నేసిన ఆడవాళ్ళ భుజవస్త్రం ఒకటుంది, ల్యిక్ల్యా అంటారు. దాని కింద, పెద్దనను పొగిడే చాటుపద్యంలోని "అల్లసాని వారి అల్లిక జిగి" దాకా రాశాక కలం ఆగింది. ఆ తర్వాత బిగియా, బిజియా? రెండూ చెవిలో ఉన్నాయి.

యతిమైత్రి:
ముందు "అల్లిక"ను "యల్లిక" చేయండి. ఆటవెలది పాదం అది. అల్ల, సాని, వారి మూడు సూర్యగణాలు. "యల్లిక" భగణం, "జిగిబిగి" నలం. యడాగమం లేకుండా పద్యంలో నడవదు. ఇక మీ ప్రశ్నకు ఛందస్సు సాయం చేయదు. గి అయినా జి అయినా లఘువే.

నులకమంచం:
అక్షరం తర్వాత చూద్దాం. అసలు ఆ ఫొటో కింద అల్లిక అనే మాటే పనికిరాదండీ. బుట్ట అల్లుతాం, జడ అల్లుతాం, మంచం అల్లుతాం, లేదంటే కథ అల్లుతాం. బట్ట నేస్తాం. ల్యిక్ల్యాకు నిలువు పోగుల పడుగుంది, అడ్డం పోగుల పేకుంది, పడుగును ఎత్తే ఉచ్చుల కర్ర ఉంది. అది నిక్షేపంలాంటి నేత. ఆండీస్‌లో అల్లిక చూపించాలనుకుంటే చుల్యో ఫొటో పెట్టండి, చెవులు కప్పే టోపీ. తితికాకా సరస్సులో తకీలే దీవి మగవాళ్ళు సన్నటి సూదులతో అల్లుతారు. ఆ దీవి నేతపనికి యునెస్కో గుర్తింపు 2005లోనే వచ్చింది. సూదుల అల్లిక స్పెయిన్ వాళ్ళతో వచ్చిన విద్య, నేత అంతకు ఎన్నో శతాబ్దాల ముందుది. రెంటినీ ఒక మాటలో కలిపేస్తే ఎలా?

ఆసుపోత:
వారాకా, తుల్మా ఫొటోలు కూడా ఉన్నాయి. వాటినేమంటారు?

నులకమంచం:
వారాకా మన వడిసెల. తుల్మా జడకుచ్చులు, ఊలు బంతులతో సహా. రెండూ పేటలు మార్చి అల్లేవే కాబట్టి అక్కడ అల్లిక నిరభ్యంతరంగా వాడుకోండి. చుస్పా మాత్రం నేతే. కోకా ఆకు వేసుకునే చిన్న సంచి, మన వక్కాకు సంచికి వరసైనది. చుంపి నడికట్టు. దాన్నే అయ్మారాలో వాకా అంటారు.

సిరిసిల్ల మగ్గం:
అల్లికో నేతో మీరు తేల్చుకోండి. అక్షరం మాత్రం "బిగి"యే, సందేహం లేదు. ఆ బట్టను వేళ్ళ మధ్య పట్టుకుంటే తెలుస్తుంది. మన చీరలో పడుగూ పేకా రెండూ కనిపిస్తాయి. ల్యిక్ల్యాలో పడుగు పోగులు ఒకదానికొకటి ఎంత ఒత్తుగా ఉంటాయంటే పేక పూర్తిగా దాగిపోతుంది, ఒక్క అంచుల దగ్గర తప్ప. రంగూ బొమ్మా పడుగులోనే. ఉప్పాడ జాందానీలో బొమ్మ కోసం అదనపు పేక వేస్తారు. వీళ్ళు అలా కాదు, పేకపేకకీ కావలసిన రంగు పడుగు పోగుల్ని చేత్తో ఏరి పైకి తెస్తారు. ఆ ఏరుడు పేరు పల్లాయ్. ఏరడం, కోయడం అని దాని అర్థం.

ఈ బిగి నూలు వడకడంలోనే మొదలవుతుంది. పుష్కా అనే కదురు మీద ఒంటిపోగును కుడివైపు మెలితో వడికి, రెండు పోగుల్ని కలిపి ఎడమ మెలితో పేనుతారు. దానికి ఇంకాస్త ఎక్కువ మెలి ఎక్కిస్తారు. పోగును కాస్త వదులు చేయగానే తన మీద తనే చుట్టుకోవాలి, అప్పుడే పడుగుకి పనికొచ్చినట్టు. మెలి చాలకపోతే ఊలు నూగు లేస్తుంది. పై వరసా కింది వరసా మారే ప్రతిసారీ పక్క పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, పేక దూరే దారి తెరుచుకోదు. బలవంతంగా లాగితే పోగు తెగుతుంది. లామా ఎముకతో చేసిన విచూన్యా మొనను పోగుల మధ్య గీరి దారి తెరిచేదీ, దానితోనే పేకను మోదేదీ అందుకే.

కందిగుంట:
సిరిసిల్ల అన్నగారు బిగి గురించి చెప్పారు, జిగిని వదిలేశారు. జిగి అంటే జిగురేనని నా అభిప్రాయం. పడుగుకి గంజి పట్టిస్తే జిగి, మగ్గానికి ఎక్కించి లాగితే బిగి. పెద్దన కవిత్వాన్ని పొగిడినవాడెవడో సాలెల వీధిలో తిరిగినవాడే అయ్యుండాలి.

యతిమైత్రి:
అందంగానే ఉంది గానీ బ్రౌణ్యం, అదే బ్రౌన్ దొర నిఘంటువు, తీసి చూడండి. జిగి అంటే కాంతి, తళుకు. జిగురుతో చుట్టరికం కలపాలంటే ఇంకా గట్టి ఆధారం కావాలి.

సిరిసిల్ల మగ్గం:
పైగా ఆ కొండల్లో పడుగుకి బలమిచ్చేది మెలి. జిగి అంటే తళుకనే తీసుకుంటే అల్పాకా ఊలు దానికి సరిపోతుంది. గొర్రె ఊలుకి అంత నిగారింపు ఉండదు. అయ్మారా వాళ్ళు వీపున మూట కట్టుకునే అవాయో బట్టల్లో కీసా అని ఒక పద్ధతుంది. ఒకే రంగును ముదురు నుంచి లేతకు సన్నని చారల్లో దించుకుంటూ వస్తారు. దూరం నుంచి బట్ట తనంతట వెలుగుతున్నట్టుంటుంది. మీ జిగి అదే.

పెద్దకొడవలి:
మధ్యలో దూరుతున్నాను. "ఆండీస్ నేతలో పేక కనబడదు" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే పొరపాటు. ఇంకాల కాలంలో అవాస్కా, కోంపి అని రెండు తరగతులుండేవి. అవాస్కా మామూలు వాడకానిది. కోంపి రాచబట్ట, అందులో పేక పడుగును పూర్తిగా కప్పేస్తుంది, రంగంతా పేకదే. తొకాపు అనే చదరాల బొమ్మలు దాని మీదే చూస్తాం. కనుక ఇప్పటి పల్లెల పడుగుముఖం బట్టలు, అంటే పడుగే పైకి కనిపించేవి, అని విడమరిచి రాయండి. 1781లో స్పెయిన్ పాలన మీద రెండో టూపాక్ అమారు చేసిన తిరుగుబాటును అణిచాక ఇంకాల దుస్తులనే నిషేధించారని కూడా ఒక ముక్క చేరిస్తే బాగుంటుంది.

సిరిసిల్ల మగ్గం:
ఒప్పుకుంటాను. ఫొటోలో ఉన్నది ల్యిక్ల్యా కాబట్టి దాని మటుకే చెప్పాను.

వడ్లమూడి:
"బిజి" తరఫున ఎవరూ మాట్లాడటం లేదు గనక నేను అందుకుంటాను. జిగిబిజి అంటే చిక్కని పనితనం అని ఎందుకు చెప్పుకోకూడదు? పల్లాయ్‌లో జరిగేదీ చిక్కే. ఏ పోగు పైకి, ఏది కిందికి అని పేకపేకకీ లెక్క. ఒక జత తప్పితే ఆ పేకలోనే పట్టుకోవాలి, లేదంటే బొమ్మ పక్కకు జరుగుతూ పోతుంది. నాలుగు పేకలయ్యాక కనిపెడితే నాలుగూ విప్పాల్సిందే.

యతిమైత్రి:
అది గజిబిజి లాగిన లాగుడు. నోటి మీద బతికిన చాటువు కదా, తెలిసిన జంటపదం వైపు నాలుక జారింది. తళుకూ బిగువూ రెండు గుణాలు చెబితే మెప్పు అవుతుంది. తళుకూ చిక్కూ అంటే మెప్పా, ఎత్తిపొడుపా?

ఆసుపోత:
నిజంగా గజిబిజి అయ్యే చోటు ల్యిక్ల్యాలో ఒకటుంది. బట్టను మగ్గం మీంచి కోసి తీయరు, నాలుగు వైపులా అంచు కట్టే వస్తుంది. అందుకని ఒక కొస నుంచి కొంచెం నేసి, మగ్గాన్ని తిప్పి రెండో కొస నుంచి నేసుకొస్తారు. రెండూ దగ్గరపడేసరికి మధ్యలో చెయ్యి దూరదు, ఉచ్చుల కర్ర తీసేయాలి. ఆ మిగిలిన నాలుగు వేళ్ళ మేరా పొడుగు సూదితో పేక దూర్చి పూర్తి చేయాలి. బొమ్మ అక్కడ ఇరుక్కుపోతుంది. చాలామంది ఆ మేర బొమ్మను మాని సాదాగా నేస్తారు. యంత్రం మీద నేసిన గుడ్డలో ఈ అతుకు కనబడదు. చేతినేతను గుర్తుపట్టడానికి నేను మొదట వెతికేది దీన్నే.

నులకమంచం:
ల్యిక్ల్యా రెండు ముక్కలు కదా, నడిమి కుట్టు గురించి కూడా రాయండి. రెండు ముక్కల పడుగూ ఒకే బిగువున పోయకపోతే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వస్తుంది. చారలు ఎదురుబొదురుగా కుదరవు. లాగి కుట్టితే ముడతలు.

పెద్దకొడవలి:
అంచు కూడా. చింఛేరోలో బట్ట చుట్టూ న్యావి అవాపా అని గుండ్రటి పట్టీ వేస్తారు, న్యావి అంటే కన్ను. ఇది విడిగా నేసి తర్వాత కుట్టేది కాదు. సన్నటి పడుగొకటి పక్కనే కట్టుకుని, పేకను సూదిలో ఎక్కించి, ఎప్పుడూ ఒకే వైపు నుంచి పట్టీలోనూ బట్ట అంచులోనూ దూర్చి లాగుతారు. లాగినప్పుడల్లా పట్టీ చుట్టుకుని గొట్టంలా మూసుకుంటుంది. ఎక్కువ లాగితే బట్ట అంచు కుచ్చు పడుతుంది, తక్కువైతే గొట్టం మూసుకోదు. ఇప్పుడు చెప్పండి నులకమంచం గారూ, ఇది నేతా, కుట్టా, అల్లికా?

నులకమంచం:
కుట్టునేత. అల్లిక మాత్రం కాదు.

కందిగుంట:
పెద్దన బిగి కావాలంటే ఇంత దూరం పోవాలా? "అటజని కాంచె భూమిసురుఁ డంబరచుంబి" చాలదూ? ఒక్క సమాసంలో హిమాలయాన్నంతా కట్టేశాడు. ఆండీస్ ఫొటోకి ఆ పద్యమే సరి, అదీ కొండే ఇదీ కొండే.

వడ్లమూడి:
కొండ కుదిరింది సరే, అక్కడ కనిపించేది బిగి ఒక్కటే. జిగి కావాలంటే వరూధిని దగ్గరికి రావాలి. అయినా నన్నడిగితే ఈ ఫొటోలకు అదే చాటువు రెండో పాదంలోని తిమ్మన "ముద్దు పలుకే" మేలు.

సిరిసిల్ల మగ్గం:
అంచుల దగ్గర ఒక సంగతి మరిచాను. కొందరు అంచు పోగుల్ని తలకిందులు మెలితో వడుకుతారు, ల్యోకె అంటారు, అంటే ఎడమ. కీడు రాకుండా అని నమ్మకం. పనికొచ్చే కారణమూ ఉంది. ఒకే మెలి పోగులే ఉంటే ఆ లాగుడికి బట్ట అంచు ఒక పక్కకు చుట్టుకుపోతుంది. కుడి మెలీ ఎడమ మెలీ పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి ఆపుకుని అంచు చదునుగా పడుంటుంది.

ఆసుపోత:
అందరికీ ధన్యవాదాలు. వారాకా ఫొటో కింద "అల్లిక జిగిబిగి", ల్యిక్ల్యా కింద "నేత బిగి" అని పెడుతున్నాను. వడ్లమూడి గారు క్షమించాలి.

వడ్లమూడి:
క్షమించను. "నేత బిగి" ఏ పద్యంలో ఉంది?

యతిమైత్రి:
అది సరే. మూడో పాదం "పాండురంగ విభుని పదగుంఫనంబును" దగ్గర ఎవరూ ఆగలేదేం? ఆ పాండురంగ విభుడు తెనాలి రామకృష్ణుడేనని అందరూ ఒప్పుకున్నట్టేనా?