గ్రాంటు రాలేదు: అదే ప్రపోజల్ సరిదిద్ది మళ్ళీ పెట్టాలా, కొత్తది రాయాలా?

డయాలసిస్_వార్డు:

అందరికీ నమస్కారం. నేను కిడ్నీ డాక్టర్‌ని. పరిశోధన కోసం ప్రభుత్వ గ్రాంటుకి పోయినేడాది మొదటిసారి దరఖాస్తు పెట్టాను. ఎంపిక కాలేదని మూడు వారాల కిందట మెయిల్ వచ్చింది. రివ్యూయర్ల వ్యాఖ్యలు ప్రింట్ తీసి పెట్టుకున్నాను, ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

విషయం ఇదీ. డయాలసిస్ పేషెంట్లు వారానికి మూడుసార్లు వస్తారు, వచ్చిన ప్రతిసారీ నాలుగు గంటలు మెషీన్ పక్కన పడుకుంటారు. ఇంటికి వెళ్ళాక ఇక ఆ రోజుకి లేవలేరు. ఒక పెద్దావిడ నాతో "వారంలో నాకు నాలుగు రోజులేనమ్మా, మిగతా మూడూ మెషీన్‌వే" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. మెషీన్ నడుస్తున్నప్పుడే మంచం చివర చిన్న సైకిల్ బిగించి, పడుకుని ఉండగానే పెడల్ తొక్కిస్తే ఆ నీరసం తగ్గుతుందా? ఇదే నా ప్రశ్న.

ప్రపోజల్‌లో మూడు లక్ష్యాలు రాశాను. నీరసం ఎంత తగ్గిందో కొలవడం మొదటిది. తగ్గినవాళ్ళ రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ మార్కర్లు (ఒంట్లో వాపును సూచించే పదార్థాలు) ఎలా మారాయో చూడటం రెండోది. ఆ మార్కర్లను బట్టి సైకిల్ ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పే పద్ధతి తయారుచేయడం మూడోది. 40 మంది పేషెంట్లు, రెండేళ్ళు.

మొదటి రివ్యూయర్ "చాలా ముఖ్యమైన ప్రశ్న, తప్పకుండా నిధులివ్వాలి" అన్నారు. రెండో ఆయన "రెండేళ్ళలో అయ్యే పని కాదు, పైగా రెండు, మూడు లక్ష్యాలు పూర్తిగా మొదటిదాని మీదే నిలబడ్డాయి" అన్నారు. మూడో ఆయన వ్యాఖ్య మరీ కటువుగా ఉంది: "40 అనే సంఖ్య ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేదు. పక్కపక్క మంచాల్లో ఒకరికి సైకిల్ ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే ఏమవుతుందో ఆలోచించలేదు."

ఒకే ప్రపోజల్ మీద ఇన్ని రకాల మాటలెలా వస్తాయి? మా సీనియర్ ఒకరు "అక్షరం మార్చకుండా మళ్ళీ పెట్టు, ఈసారి వేరే రివ్యూయర్లు పడతారు" అంటున్నారు. ఇంకొకరు దీన్ని వదిలేసి కొత్త అంశం పట్టుకోమంటున్నారు. నాకు వదలాలని లేదు. ఏం చేయమంటారు?

ప్యానెల్_కుర్చీ:

అమ్మా, వదలకండి. అలాగని అక్షరం మార్చకుండా మాత్రం పెట్టకండి. పన్నెండేళ్ళు ఇలా గ్రాంట్లు ఎంపికచేసే ప్యానెళ్ళలో కూర్చున్నాను కాబట్టి చెప్తున్నాను.

మీ సీనియర్ మాటలో కొంత నిజముంది. అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్‌కి వచ్చిన 25 దరఖాస్తులను 43 మంది రివ్యూయర్లకు ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. ఒకే దరఖాస్తు చదివినవాళ్ళ మధ్య ఏకాభిప్రాయం దాదాపు లేదని తేలింది. కాబట్టి ముగ్గురు మూడు రకాలుగా మాట్లాడారంటే మీరు కంగారుపడాల్సిన పనిలేదు. కానీ మీకు వచ్చిన వ్యాఖ్యలు మళ్ళీ చదవండి. అందులో అభిరుచి తేడా ఎక్కడా లేదు. రెండో ఆయనా, మూడో ఆయనా చూపించినవి నిజంగా ఉన్న లోపాలు. రివ్యూయర్లు మారినా అవి అక్కడే ఉంటాయి, ఇంకెవరో ఒకరు పట్టుకుంటారు.

మూడో రివ్యూయర్ మీద కోపం పెట్టుకోకండి. మీ వార్డును కళ్ళ ముందు ఊహించుకుని, మంచాల మధ్య దూరం దాకా ఆలోచించిన మనిషి ఆయన ఒక్కరే. అంత శ్రద్ధగా చదివేవాళ్ళు దొరకడం కష్టం.

ప్యానెల్ గదిలో ఏం జరుగుతుందో చెప్తాను, రాసేటప్పుడు అది తెలిసి ఉండాలి. మీ దరఖాస్తును పూర్తిగా చదివి వచ్చేది ఇద్దరో ముగ్గురో. ఎన్‌ఐహెచ్‌లాంటి చోట తొలి స్కోర్లు బాగా లేనివి అసలు చర్చకే రావు, చాలాకాలం పాటు సుమారు సగం దరఖాస్తులు అలాగే ఆగిపోయేవి. చర్చకు వచ్చినవాటికి దొరికేది కొన్ని నిమిషాలు. చదివినవాళ్ళలో ఒకరు నోరు తెరిచి మీ ప్రశ్నేమిటో తన మాటల్లో చెప్తారు. మిగతావాళ్ళు అప్పుడే మీ మొదటి పేజీ తిప్పి చూస్తుంటారు. వాళ్ళు మీ రంగంవాళ్ళు కాకపోవచ్చు. కిడ్నీ గురించి చదువుకుని ఇరవై ఏళ్ళయిన ఒక కంటి డాక్టర్ కూడా మీకు స్కోరు వేస్తారు. మీ తరఫున మాట్లాడే ఆ ఒక్కరి నోట్లో మాట మీరే పెట్టాలి. మొదటి పేజీ ఉన్నది అందుకే. మీకు "నిధులివ్వాలి" అన్న మొదటి రివ్యూయర్ ఉన్నారు కదా, ఆయనకు మిగతా ఇద్దరికీ జవాబు చెప్పగలిగే సరుకు మీరు ఇవ్వలేదు. దరఖాస్తు ఓడిపోయింది అక్కడే అనుకుంటాను.

మీ మొదటి పేజీ నేను చూడలేదు. కానీ "కిడ్నీ వ్యాధి ప్రపంచవ్యాప్తంగా పెరుగుతోంది" అని మొదలయ్యుంటే ఆ వాక్యం తీసేయండి. పక్కన వచ్చే పది దరఖాస్తులూ అలాగే మొదలవుతాయి. మీ చేతిలో అంతకన్నా గట్టి మాట ఉంది. సాంగ్ అనే అంతర్జాతీయ బృందం పేషెంట్లను, వాళ్ళ కుటుంబాలను, డాక్టర్లను కలిపి అడిగి, హీమోడయాలసిస్ (మెషీన్‌తో రక్తం శుద్ధి చేయడం) మీద చేసే ప్రతి ట్రయల్‌లోనూ కొలవాల్సిన అంశాలు నాలుగని తేల్చింది: నీరసం, గుండెజబ్బులు, ఫిస్టులా వంటి యాక్సెస్ (మెషీన్‌కి రక్తం వెళ్ళే దారి) ఇబ్బందులు, మరణం. నీరసాన్ని మరణంతో సమానంగా పక్కన నిలబెట్టారు చూడండి. కొలవడానికి మూడే ప్రశ్నలున్న స్కేలు కూడా వాళ్ళే తయారుచేశారు. ఆ పెద్దావిడ మీతో అన్నదీ అదే మాట.

ఇక లక్ష్యాల సంగతి. మొదటి లక్ష్యం విఫలమైతే మీ రెండోది, మూడోది గాలిలో వేలాడతాయి. నీరసం తగ్గలేదనుకోండి, "తగ్గినవాళ్ళ" రక్తం ఎక్కడ దొరుకుతుంది? మూడో లక్ష్యాన్ని మొత్తంగా తీసేయండి, అది ఇంకో గ్రాంటు. ఫలితం ఎటు వచ్చినా పనికొచ్చే విషయం దక్కేలా మిగతా రెండిటినీ వేరువేరుగా నిలబెట్టండి.

ఒకసారి నేను తక్కువ స్కోరు వేద్దామనుకుని వెళ్ళిన దరఖాస్తుకి గదిలోనే మనసు మార్చుకున్నాను. అందులో "ఇది కుదరకపోతే" అని ఆరు పంక్తుల పేరా ఉంది. పేషెంట్లు చేరకపోతే ఏం చేస్తారు, ఏ నెలలో ఆ నిర్ణయం తీసుకుంటారు, ఎంతమంది చేరితే సరిపోతుంది, అన్నీ అంకెలతో రాశారు. రాసినవాళ్ళు ఈ పనిని రోజూ చేస్తున్నవాళ్ళని ఆ ఆరు పంక్తుల్లో నాకు అర్థమైంది.

శాంపిల్_సైజు:

నేను బయోస్టాటిస్టిక్స్‌లో పనిచేస్తాను. 40 గురించి మాట్లాడతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో సగం బాధ ఇదే. డెడ్‌లైన్‌కి నాలుగు రోజుల ముందు వచ్చి "సార్, 40కి సరిపడా లెక్క రాసివ్వండి" అంటారు.

రెండు గుంపుల సగటుల మధ్య సగం స్టాండర్డ్ డీవియేషన్ (మనిషికీ మనిషికీ కొలతలు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె) తేడా పట్టుకోవాలంటే, మామూలుగా అడిగే 80 శాతం పవర్ (నిజంగా ఉన్న తేడాని పట్టుకునే అవకాశం), 5 శాతం సిగ్నిఫికెన్స్‌తో (లేని తేడా ఉన్నట్టు కనిపించే అవకాశం), గుంపుకి 64 మంది కావాలి. మొత్తం 128. మీరు చెప్పిన 40 మందితో, అంటే గుంపుకి 20తో, దాదాపు 0.9 స్టాండర్డ్ డీవియేషన్ తేడా ఉంటే తప్ప కనిపించదు. పెడల్ తొక్కితే నీరసం అంత భారీగా తగ్గుతుందని మీరే నమ్మరనుకుంటా.

మధ్యలో మానేసేవాళ్ళు 20 శాతం అనుకుంటే చాలామంది 64కి 20 శాతం కలిపి 77 అని రాస్తారు. అది తప్పు. 64ని 0.8తో భాగించాలి, 80 వస్తుంది. 77 మందిని చేర్చుకుంటే చివరికి మిగిలేది 61, 62 మందే. గణాంకాలు తెలిసిన రివ్యూయర్ ఈ ఒక్క అంకె చూసి మిగతా లెక్కలన్నిటినీ అనుమానిస్తారు.

పక్కపక్క మంచాల ప్రశ్న ఇంకా పెద్దది. సైకిల్ లేని పేషెంట్ నాలుగు గంటలు పక్కవాళ్ళను చూస్తూ ఉంటారు, ఇంటికెళ్ళి తనూ ఏదో వ్యాయామం మొదలుపెడతారు, లేదా నాకివ్వలేదే అని దిగులుపడతారు. రెండూ మీ ఫలితాన్ని పాడుచేస్తాయి. అందుకని మనిషిని కాకుండా షిఫ్టుని లాటరీ తీయాలి, ఈ షిఫ్టు మొత్తానికి సైకిల్, ఆ షిఫ్టుకి మామూలు చికిత్స. కానీ ఒకే షిఫ్టులో ఉన్నవాళ్ళు ఎంతో కొంత ఒకేలా ఉంటారు కాబట్టి సంఖ్య పెంచాలి. షిఫ్టుకి 20 మంది, ఆ పోలిక (0 అంటే ఏమీ లేదు, 1 అంటే అందరూ ఒకేలా) 0.05 అనుకుంటే, 1 కి 19 రెట్లు 0.05 కలిపితే 1.95. అంటే 128 కాస్తా 250 అవుతుంది, మానేసేవాళ్ళతో కలిపి 312. పదహారు షిఫ్టులు కావాలి. ఒక్క యూనిట్‌తో అయ్యే పని కాదు.

అందుకే నా సలహా వేరు. మీ దగ్గర 40 మందే ఉంటే 40 మందితో సాధ్యాసాధ్యాల అధ్యయనం పెట్టండి. సైకిల్ పనిచేస్తుందా అని అడగకండి. అడిగితే ఎంతమంది ఒప్పుకుంటారు, మూడు నెలలు ఎంతమంది ఆపకుండా తొక్కుతారు, మధ్యలో బీపీ పడిపోవడం ఎంతమందిలో చూస్తాం, నర్సులకు అదనంగా ఎన్ని నిమిషాలు పడుతుంది, ఇవి అడగండి. ఈ ప్రశ్నలకు 40 చాలు. అయితే ఆ చిన్న అధ్యయనంలో కనిపించిన తేడాని తీసుకెళ్ళి పెద్ద ట్రయల్ శాంపిల్ సైజు లెక్కలో పెట్టకండి. అంత తక్కువమందిలో ఆ అంకె ఎటైనా ఊగుతుంది. పేషెంట్‌కి ఎంత తగ్గితే తగ్గినట్టు అనిపిస్తుందో దాన్నిబట్టి పెద్ద లెక్క వేయాలి.

గ్రాంట్స్_డెస్క్:

ఒక పరిశోధన సంస్థలో దరఖాస్తులు పంపే విభాగంలో ఉన్నాను. పైన చెప్పినవాటికి కొన్ని కలుపుతాను.

మళ్ళీ పెట్టడం అనేది ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది. ఎన్‌ఐహెచ్‌లో మొదటి దరఖాస్తు పెట్టిన 37 నెలల్లోగా సరిదిద్దినది పెట్టొచ్చు, దానికి ముందు ఒక పేజీలో పాత వ్యాఖ్యలకు జవాబివ్వాలి. అదీ రాకపోతే అదే ఆలోచనని కొత్త దరఖాస్తుగా పెట్టుకోవచ్చు. మీరు పెట్టిన పథకంలో ఏముందో ఈసారి ప్రకటనలో చదవండి, పోయినేడాది ప్రకటన చూసి రాయకండి. స్కోర్ల సంగతి కూడా అంతే. ఎన్‌ఐహెచ్‌లో 1 అంటే అన్నిటికన్నా మంచిది, 9 చెత్త. ఆస్ట్రేలియాలో అలాంటి సంస్థే అయిన ఎన్‌హెచ్‌ఎంఆర్‌సీలో 7 అన్నిటికన్నా పైది. 7 వచ్చిందని విని తెలియక బాధపడినవాళ్ళని చూశాను.

జవాబు పేజీలో "రివ్యూయర్ అపార్థం చేసుకున్నారు" అని రాయకండి. "ఈ విషయం మేము స్పష్టంగా రాయలేదు, ఇప్పుడు ఫలానా పేజీలో ఉంది" అంటే చాలు.

సంస్థ లోపలి డెడ్‌లైన్ అసలు డెడ్‌లైన్ కన్నా ముందుంటుంది. సంతకాలు, బడ్జెట్ ఆమోదం, భాగస్వామ్య యూనిట్ల ఉత్తరాలు, ఎథిక్స్ కాగితాలు, వీటికి సైన్స్ రాయడానికి పట్టినంత సమయం పడుతుంది. పోయినసారి మా దగ్గర ఒక మంచి ప్రపోజల్ ఒక్క ఉత్తరం రాక ఆగిపోయింది. ఆ అమ్మాయి ముఖం నాకింకా గుర్తుంది. బడ్జెట్‌లో సైకిళ్ళ ఖర్చు రాస్తారు, వాటిని ప్రతి పేషెంట్ తర్వాత తుడిచి శుభ్రం చేసే మనిషి జీతం మరచిపోతారు. మీరు మరచిపోకండి.

డయాలసిస్_వార్డు:

ముగ్గురికీ చేతులెత్తి నమస్కారం. శాంపిల్_సైజు గారూ, 1.95 లెక్క కాగితం మీద నేనే వేసి చూశాను. మొదటిసారి అర్థమైంది. నిన్న ఆ మూడో రివ్యూయర్ వ్యాఖ్య మళ్ళీ చదివితే అంత కటువుగా అనిపించలేదు.

సాధ్యాసాధ్యాల అధ్యయనంగానే పెడతాను. మూడో లక్ష్యం తీసేశాను. రక్తం పరీక్షలు కూడా తీసేయాలా అని ఆలోచిస్తున్నాను. మళ్ళీ మొత్తం రాయాలంటే టెన్షన్‌గా ఉంది, పోయినసారి రెండు నెలలు వార్డు అయ్యాక రాత్రుళ్ళు రాశాను.

మొదటి పేజీ ఇలా మొదలుపెట్టాను, చూసి చెప్పండి: "హీమోడయాలసిస్ పేషెంట్ల జీవన నాణ్యతను మెరుగుపరచడంలో వ్యాయామం పాత్ర గణనీయమైనది. నీరసం తమను అన్నిటికన్నా ఎక్కువగా బాధించేవాటిలో ఒకటని పేషెంట్లే చెప్తున్నారు. డయాలసిస్ జరుగుతుండగానే పడుకుని తొక్కే సైకిల్‌ని రోజువారీ చికిత్సలో పెట్టడం సాధ్యమా అన్నది ఈ అధ్యయనం తేలుస్తుంది."

ప్యానెల్_కుర్చీ:

మొదటి వాక్యం కొట్టేయండి. వ్యాయామం పాత్ర గణనీయమైనదని మీకు ముందే తెలిస్తే ఈ డబ్బు ఎందుకని అడుగుతారు. రెండో వాక్యంతో మొదలుపెట్టి, దానికి సాంగ్ మాట జోడించండి. మూడోది బాగుంది, "ఎంతమంది, ఎన్ని నెలలు" అన్నది అందులోనే పెట్టండి.

రక్తం పరీక్షలు తీసేయండి. శాంపిల్ తీసి ఫ్రీజర్‌లో దాచడానికి ఎథిక్స్ అనుమతి మాత్రం ఇప్పుడే తీసుకోండి, పెద్ద ట్రయల్ నాటికి పనికొస్తాయి.

రెండు నెలల గురించి. 2012లో ఆస్ట్రేలియా ఎన్‌హెచ్‌ఎంఆర్‌సీకి వచ్చిన 3,727 దరఖాస్తుల మీద ఒక అధ్యయనం జరిగింది. ఒక్కోదానికి సగటున 34 పనిదినాలు, అంతా కలిపితే సుమారు 550 ఏళ్ళ శ్రమ. అందులో గెలిచింది ఐదింట ఒకటి. ఎక్కువ రోజులు రాసినవాళ్ళకి ఎక్కువ గ్రాంట్లేమీ రాలేదు. కాబట్టి పద్ధతుల భాగం, శాంపిల్ లెక్క, మొదటి పేజీ, ఈ మూడే తిరగరాయండి. మిగతాది ఉన్నది ఉన్నట్టు వాడుకోండి, రాత్రుళ్ళు పడుకోండి.

అయ్యాక మొదటి పేజీ ఒక్కటే మీ రంగం కాని డాక్టర్ ఎవరికైనా ఇచ్చి, చదివాక కాగితం వెనక్కి తీసుకుని, ఇందులో ఏముందో చెప్పమనండి. వాళ్ళు ఎక్కడ తడబడతారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఆ గీతలతో ఇక్కడ మళ్ళీ పెట్టండి, చూస్తాను.