బ్యోర్క్ ‘మెడుల్లా’: ఒట్టి గొంతులతోని అంత బేస్ ఎట్ల వచ్చింది?

హన్మకొండ_శ్రోత:
అన్నలు, అక్కలు, ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ 2004ల తెచ్చిన ‘మెడుల్లా’ ఆల్బమ్ మీద జర చెప్పుండ్రి. అక్కడక్కడ పియానో, సింథ్ అసొంటివి తప్ప 14 పాటలూ మనుషుల గొంతులే. డ్రమ్ములు లేవు, అయినా ‘వేర్ ఈజ్ ద లైన్’ వింటుంటే ఛాతి మీద కొట్టినట్టుంటది. నాకు ఇంతకు మించిన పాప్ ఆల్బమ్ లేదు. దోస్తులేమో ఫోన్ల విని “ఖాళీగ ఉన్నది” అంటున్నరు. వాళ్లకు ఏ పాటతోని మొదలుపెట్టాలె? ఇంకోటి, కాలేజీ ఫెస్ట్‌కు నలుగురం ఇదే పద్ధతిల మూడు నిమిషాల పాట చేస్తున్నం. యూఎస్‌బీ మైకు, రికార్డింగ్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉన్నయి. గొంతులన్నీ కలిపితే ఒక్క మాట తెలుస్తలేదు.

కాజీపేట_బేస్:
ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కింద ఉండే లోతు స్వరాలను దాదాపు పలకదు తమ్మీ. ఈ ఆల్బమ్‌ల అమెరికా బీట్‌బాక్సర్ (నోటితోనే డ్రమ్ముల చప్పుడు చేసేటాయన) రాజెల్ కొట్టే బేస్ బలమంతా ఆ కిందనే ఉంటది. ఖాళీగ అనిపించక ఏమైతది? వైరు హెడ్‌ఫోన్లు ఇచ్చి ముందుగాల ‘హూ ఈజ్ ఇట్’ వినిపియ్యి, బీట్ తొందరగ పట్టుకుంటది. తర్వాత ‘ట్రయంఫ్ ఆఫ్ ఎ హార్ట్’, అండ్ల రాజెల్‌తోపాటు జపాన్ బీట్‌బాక్సర్ డొకాకా ఉన్నడు. ఆ వెనుక ‘ఓషియానియా’. ఏథెన్స్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంల పాడింది అదే. సముద్రమే మనుషులతోని మాట్లాడుతున్నట్టు రాసిన పాట, కోరస్ అలలెక్క లేచి జారుతది.

‘యాన్సెస్టర్స్’ మాత్రం ఆఖరుకు. కెనడా ఉత్తరాది ఇన్యుట్ ఆదివాసి గాయని టాన్యా టగాక్ అండ్ల ఊపిరి తీసుకునేటప్పుడు, విడిచేటప్పుడు రెండుసార్లూ శబ్దం చేస్తది. కొత్తోళ్లు బెదురుతరు. కానీ ఈ ఆల్బమ్ ప్రాణం ఆ పాటలనే ఉన్నదని నేనంట. ఊపిరిని కోసి పారేయకుండ దాన్నే వాయిద్యం చేసిండ్రు.

కరీంనగర్_మిక్సింగ్:
నలుగురు ఒక్కటే మైకు ముందట నిలబడి పాడుతున్నరా? అట్లయితే తర్వాత విడదీసుడు కాదు. ఒక్కొక్కరిది వేరే ట్రాక్ తియ్యుండ్రి. తాళాన్ని ఇయర్‌ఫోన్ల వినుకుంట పాడాలె, వైరు ఇయర్‌ఫోన్లతోనే. బ్లూటూత్‌ల శబ్దం ఆలస్యంగ వస్తది, పాడింది వెనుకబడ్తది.

బీట్ కొట్టేటాయన మైకుకు 3–5 సెంటీమీటర్ల దూరంల ఉండాలె. కార్డియాయిడ్ మైకు (ఎక్కువగ ముందటి శబ్దమే పట్టేది) దగ్గరికి వస్తే కింది స్వరాలు వాటంతటవే పెరుగుతయి. పాప్ ఫిల్టర్ (నోటి గాలిని ఆపే జాలి) పెట్టి, నోరు జర పక్కకు తిప్పాలె, లేకుంటే గాలి దెబ్బకు శబ్దం పగులుతది. లెవెల్ –6 డీబీ దాటనియ్యొద్దు. కోరస్‌కు 30–40 సెంటీమీటర్లు. పాడేటోళ్ల వెనుక గోడకు రెండు బొంతలు కట్టుండ్రి, మైకు చూసేది ఆ గోడనే కాబట్టి. ఫ్యాను బంద్.

కలిపేటప్పుడు బేస్ తప్ప అన్ని ట్రాక్‌లకు 120–150 హెర్ట్జ్ కింద కోసెయ్యుండ్రి. కోరస్‌ల 250–400 హెర్ట్జ్ మధ్య 3 డీబీ తగ్గించుండ్రి, మీ మాటలు మునిగేది ఎక్కువ ఆడనే. బేస్, అసలు పాట రెండూ నడుమనే ఉండాలె. కోరస్‌ను ఎడమకు, కుడికి పంచాలె. బేస్‌కు రివర్బ్ (ప్రతిధ్వని) వద్దు. అది పడితే దెబ్బ పదును పోతది.

కోరస్ పెద్దగ అనిపియ్యాలని ఒకటే రికార్డింగ్‌ను కాపీ చేసి పక్కన పెట్టకుండ్రి. సరిగ్గ కలిస్తే చప్పుడు పెరుగుడే గని గుంపు కాదు, జర జరిపితే డబ్బాల పాడినట్టు వస్తది. ప్రతి పొరా మళ్ల పాడాలె, మనిషికి మూడు నాలుగుసార్లు.

జనగామ_వంత:
మిక్సింగ్ కంటే ముందు ఎవరి పని ఏందో తేల్చుకోవాలె. ఐనవోలు జాతరల ఒగ్గు కథ వినుండ్రి. కథ చెప్పేటాయన మాట ఆపిన జాగలనే వంతలు అందుకుంటరు, మాట మీద మాట పడదు. మీరూ అట్లనే ఒకరికి బేస్, ఒకరికి నాలుకతోని కొట్టే “ట్స్, క”, ఒకరికి సాగే అచ్చులు, ఒకరికి పాట ఇయ్యుండ్రి. కోరస్‌ల “స్, ట్” అసొంటివి ఒక్కరే పలకాలె. అందరు పలికితే ఒక్కొక్కటి ఒక్కో క్షణాన పడి గరగర వస్తది. మిగిలినోళ్లు అచ్చు మీదనే ఆపాలె.

హన్మకొండ_శ్రోత:
అక్కా, మస్తు పనికొచ్చే మాట. మరి స్టేజీ మీద పాడాలంటే?

కాజీపేట_బేస్:
నలుగురికి నాలుగు మైకులు, స్పీకర్లు మీ ముందట, మైకులు వాటికి వెనుక. సౌండ్ చెక్‌ల ముందుగాల బీట్ మైకు ఒక్కటే పెంచాలె. కూత పెట్టిందంటే ఆ లెవెల్ నుంచి 3–4 డీబీ దించి, మిగిలినయి దానికి తగ్గట్టు కలపాలె. మైకు తల చుట్టూ చెయ్యి ముయ్యొద్దని బీట్ కొట్టేటాయనకు గట్టిగ చెప్పు. మూస్తే అది అన్ని దిక్కుల శబ్దం గుంజి కూత పెడ్తది.