పాత పంక్ సెవెన్ ఇంచ్‌లు: ఒరిజినల్ ప్రెస్సింగే వెతకాలా, రీఇష్యూ సరిపోతుందా?

గాడిలో_ముల్లు:
అందరికీ హాయ్. పంక్ (1970ల్లో వచ్చిన వేగమైన, ముతక రాక్), పోస్ట్ పంక్ (దాని వెనకాలే వచ్చిన ప్రయోగాల దారి) చాలాకాలంగా వింటున్నా. మొదట్లో అందరిలాగే పెద్ద పేర్లే, తర్వాత ఎవరికీ తెలియని పాత పంక్ సింగిల్స్ ఏరి కూర్చిన కిల్డ్ బై డెత్ కంపైలేషన్లు చేతికొచ్చాయి, ఇక అంతే, వెనక్కి రాలేకపోతున్నా. ఎప్పుడూ పేరు వినని బ్యాండు, వాళ్లు మొత్తం మీద వేసింది ఒకే ఒక్క సింగిల్, పాట రెండు నిమిషాలు కూడా ఉండదు, అయినా ఆ గిటార్ మొదలవగానే ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు వీటిని సెవెన్ ఇంచ్‌లుగానే, అంటే ఏడు అంగుళాల చిన్న వినైల్ రికార్డులుగానే కొనాలనుంది, కానీ లోపలికి దిగి చూస్తే అంతా గందరగోళంగా ఉంది. ఫస్ట్ ప్రెస్సింగ్ (మొదటిసారి కొట్టినవి) అంటారు, రీప్రెస్ (తర్వాత మళ్లీ కొట్టినవి) అంటారు, బూట్‌లెగ్ (అనుమతి లేకుండా కొట్టినవి) అంటారు, ఒకే స్లీవ్‌తో (పై కవర్) నాలుగైదు రకాలు కనిపిస్తాయి. ఒరిజినలే కావాలని ఏళ్లతరబడి కూర్చోవాలా, లేక తర్వాత కొత్తగా విడుదల చేసిన మంచి రీఇష్యూ కొనేసుకుని హాయిగా వినాలా? నకిలీని ఎలా పట్టుకుంటారు? అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? కాస్త ఓపిగ్గా చెప్పండి ప్లీజ్.

బీసైడ్_పిచ్చి:
బ్రో మంచి ప్రశ్న వేశావ్. ఎక్కడ మొదలుపెట్టాలంటే నేనైతే బ్యాండ్లు తమ డబ్బుతో తామే వేసుకున్న సింగిల్స్ దగ్గరే అంటా, ఎందుకంటే ఈ పిచ్చి మొత్తానికి వేరు అక్కడే ఉంది. మాంచెస్టర్ బ్యాండ్ బజ్‌కాక్స్ వేసిన స్పైరల్ స్క్రాచ్ తీసుకో, 1977 జనవరిలో వచ్చింది, న్యూ హార్మోన్స్ అని సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) పెట్టుకున్నారు, తెలిసినవాళ్ల దగ్గర అప్పు చేసి ముందు 1000 కాపీలు కొట్టించారు, ప్రొడ్యూసర్ మార్టిన్ హానెట్ రికార్డ్ చేశాడు. లండన్ వెళ్లి ఏ పెద్ద కంపెనీ గుమ్మం ముందో నిలబడక్కర్లేదు, మాంచెస్టర్‌లో కూర్చునే రికార్డు వేయొచ్చని అది చూశాకే చాలామందికి నమ్మకం కుదిరింది.

ఇంకా లోపలికి వెళ్తే డెస్పరేట్ బైసికిల్స్. నాకు వీళ్లంటే ప్రాణం. ఒక సింగిల్ రికార్డ్ చేసి రిలీజ్ చేయడం కోసమే 1977లో బ్యాండ్ కట్టారు, రెఫిల్ అని సొంత లేబుల్, మొత్తం ఖర్చు 153 పౌండ్లు, కొట్టించింది 500 కాపీలు. స్మోక్‌స్క్రీన్, హ్యాండిల్‌బార్స్ అని రెండు పాటలు, ఆ రెండూ రెండు వైపులా అవే ఉంటాయి! తిప్పి పెట్టినా మళ్లీ అదే వస్తుంది. పైగా పాటలోనే అరుస్తారు, ఇది చాలా తేలిక, చవక, మీరూ వెళ్లి చేసేయండి అని. ఎవరో స్టేజ్ మీద నిలబడి మనకి పాట వినిపిస్తున్నట్టు ఉండదు, పక్కన కూర్చుని లే, నువ్వూ మొదలుపెట్టు అంటున్నట్టు ఉంటుంది. విని నిజంగానే మొదలుపెట్టినవాళ్లున్నారు. స్క్రిట్టి పొలిట్టి 1978లో స్కాంక్ బ్లాక్ బొలోన్యా వేసినప్పుడు స్టూడియోకి ఎంతయింది, మాస్టరింగ్‌కి (ప్రెస్సింగ్‌కి ముందు సౌండ్ సిద్ధం చేయడం) ఎంత, ప్రెస్సింగ్‌కి ఎంత, రికార్డు మధ్యలో అంటించే లేబుళ్లకి ఎంత అని లెక్క మొత్తం స్లీవ్ మీదే వేశారు. జిరాక్స్ తీసి మడిచిన కాగితం అది. పాట గురించి గొప్పలు చెప్పుకునే చోట ఖర్చుల పట్టీ వేశారంటే చదివినవాడు రేపు తన రికార్డు వేసుకోవాలనే కదా.

అందుకే నా మట్టుకు నాకు ఒరిజినల్ అంటే మోజు. రీఇష్యూలో పాట వస్తుంది, కానీ ఆ మడత కాగితం, ఆ చేతిరాత, జిగురు సరిగ్గా అంటని అంచు రావు. నాకు అవి కూడా రికార్డులో భాగమే.

రనౌట్_రాతలు:
పై కామెంట్‌తో ఏకీభవిస్తా కానీ కొత్తగా దిగేవాళ్లు ముందు చూడ్డం నేర్చుకోవాలండి, కొనడం తర్వాత. రికార్డులో పాట అయిపోయాక మధ్యలో అంటించిన కాగితం లేబుల్ దాకా ఖాళీగా ఉండే నల్లటి పట్టీ ఉంటుంది కదా, రనౌట్ అంటాం, అక్కడ గీసి ఉన్న మాట్రిక్స్ నంబర్ (ఏ కట్ నుంచి కొట్టారో చెప్పే గుర్తు) చదవండి. చాలావరకు అది పాటని మాస్టర్ డిస్క్ మీద గాడులుగా చెక్కే కటింగ్ ఇంజినీర్ చేత్తో గీసింది. జార్జ్ పెకమ్ కట్ చేసినవాటి మీద పోర్కీ ప్రైమ్ కట్ అని సంతకంలా ఉంటుంది, కొన్నింటి మీద బ్యాండ్ వాళ్లు చెప్పి గీయించిన మాటలు కూడా ఉంటాయి. కొనేముందు అమ్మేవాళ్లని రనౌట్ ఫొటో అడిగి, రికార్డుల వివరాలుండే డిస్కాగ్స్ సైట్‌లో ఆ ప్రెస్సింగ్ కింద ఉన్నదానితో అక్షరం అక్షరం పోల్చుకోండి. ఫొటో పెట్టనంటే వదిలేయండి, ఎంత మంచి రేటైనా సరే.

స్లీవ్ సంగతి. నకిలీ స్లీవులు ఎక్కువగా అసలు స్లీవ్‌ని స్కాన్ చేసి అచ్చు వేసినవే, కాబట్టి ఫొటోల్లో నలుపు ముద్దగా అయిపోతుంది, చిన్న అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉంటాయి. భూతద్దం ఒకటి దగ్గర పెట్టుకోండి.

కొన్నింటికి ఇంత కష్టం కూడా అక్కర్లేదు. స్పైరల్ స్క్రాచ్ 1979లో మళ్లీ వేసినప్పుడు స్లీవ్ మీద విత్ హోవర్డ్ డివోటో (అందులో పాడిన గాయకుడు) అని కలిపారు, మొదటిదాంట్లో బజ్‌కాక్స్ అని మాత్రమే ఉంటుంది. అండర్‌టోన్స్ బ్యాండ్ వేసిన టీనేజ్ కిక్స్ అయితే 1978లో ముందు బెల్‌ఫాస్ట్‌లోని గుడ్ వైబ్రేషన్స్ లేబుల్ మీద మడత పోస్టర్ స్లీవ్‌తో వచ్చింది, బీబీసీ డీజే జాన్ పీల్ రేడియోలో వరుసగా రెండుసార్లు వేశాక సైర్ అనే అమెరికన్ లేబుల్ వాళ్లు తీసుకుని మళ్లీ వేశారు. లేబుల్ చూస్తే చాలు.

మరీ జాగ్రత్త పడాల్సింది జాయ్ డివిజన్ బ్యాండ్ వేసిన యాన్ ఐడియల్ ఫర్ లివింగ్ విషయంలో. 1978లో ఎనిగ్మా అనే సొంత లేబుల్ మీద 1000 కాపీలే వేశారు, అందుకే దానికి నకిలీలు బోలెడు.

రెండోవైపు_రాధ:
నేను కాస్త వేరేగా చెప్తా, ఏమనుకోకండి. ఆ యాన్ ఐడియల్ ఫర్ లివింగ్ సంగతే చూడండి, నాలుగు పాటలు ఒక సెవెన్ ఇంచ్‌లో ఇరికించేసరికి సౌండ్ నీరసంగా మూసుకుపోయినట్టు వచ్చింది, బ్యాండ్ వాళ్లకే నచ్చలేదు, అదే ఏడాది పెద్ద సైజు ట్వెల్వ్ ఇంచ్‌గా మళ్లీ వేసుకున్నారు. ఒక వైపు నిమిషాలు పెరిగేకొద్దీ గాడులు దగ్గరదగ్గరగా కట్ చేయాలి, అప్పుడు వాల్యూమ్ తగ్గుతుంది, బేస్ పలచబడుతుంది. కాబట్టి మొదటిది కదా అని గొప్పగా వినిపిస్తుందనుకోవద్దు. వినడానికి కొంటున్నారా, దాచుకోవడానికి కొంటున్నారా అన్నది ముందు తేల్చుకోండి, రెండూ తప్పు కాదు.

రీఇష్యూ కొనేటప్పుడు మాత్రం ఒకటి చూడండి, దేన్నుంచి చేశారు అని. మాస్టర్ టేప్ నుంచి చేసినదానికీ, టేప్ దొరక్క పాత రికార్డు ప్లే చేసి ఎక్కించినదానికీ చాలా తేడా ఉంటుంది. ఇంకోటి, బ్యాండ్‌కి డబ్బు వెళ్తోందా లేదా. కిల్డ్ బై డెత్ కంపైలేషన్లు లేకపోతే మనలో సగం మందికి ఈ పాటలు తెలిసేవే కావు, ఆ ప్రేమ నాకూ ఉంది, కానీ అవి బూట్‌లెగ్‌లు. అందుకే బ్యాండ్ ఒప్పుకుని వేసిన రీఇష్యూ దొరికితే దయచేసి అదే కొనండి.

క్లీనెక్స్ విన్నారా? జ్యూరిచ్ అమ్మాయిలు, 1978లో మొదటి ఈపీ (నాలుగైదు పాటల చిన్న రికార్డు) వేశారు, టిష్యూల కంపెనీ ఆ పేరు వాడొద్దని ఒత్తిడి చేస్తే లిలిపుట్ అని మార్చుకున్నారు. ఆ గొంతులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఈలలు, కేకలు, మధ్యలో బేస్ గెంతులేస్తుంటే పాత్రలు కడుగుతున్నదాన్ని అలాగే నిలబడిపోయా. వాళ్ల పాటలన్నీ కలిపి కిల్ రాక్ స్టార్స్ అనే లేబుల్ వేసింది, ఒరిజినల్ సింగిల్స్ కోసం ఆగకుండా ముందు అవి వినండి.

గాడిలో_ముల్లు:
అబ్బా ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. రాధ గారూ క్లీనెక్స్ ఇప్పుడే పెట్టుకున్నా, ఇన్నాళ్లు ఎవరూ ఎందుకు చెప్పలేదు నాకు! ఇంకో డౌట్, అందరూ ఎక్కువగా ఇంగ్లండ్ గురించే చెప్తున్నారు, మిగతా దేశాల్లో కూడా ఇలా సొంతంగా వేసుకున్నవి ఉన్నాయా?

బీసైడ్_పిచ్చి:
ఉన్నాయా అంటావేంటి బ్రో, కొన్ని ఇంగ్లండ్ కంటే ముందే. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ కుర్రాళ్లు సెయింట్స్, స్ట్రాండెడ్ సింగిల్‌ని 1976 సెప్టెంబర్‌లో ఫేటల్ అనే సొంత లేబుల్ మీద 500 కాపీలు వేశారు. లండన్ బ్యాండ్ డ్యామ్డ్ వేసిన న్యూ రోజ్ వచ్చింది అక్టోబర్‌లో, అంటే బ్రిటిష్ పంక్ బ్యాండ్ల మొదటి సింగిల్ కంటే ఇది ముందు. క్లీవ్‌లాండ్‌లో పెరె ఉబు ఇంకా ముందు, 1975లోనే హార్థాన్ అని సొంత లేబుల్ మీద మొదటి సింగిల్, పోస్ట్ పంక్ అనే మాట పుట్టకముందే ఆ సౌండ్ చేసేశారు, ఇప్పుడు విన్నా వింతగానే ఉంటుంది. అమెరికాలో హార్డ్‌కోర్ (ఇంకా వేగమైన, గట్టి పంక్) వైపు వెళ్తే కాపీలు ఇంకా తక్కువ, టచ్ అండ్ గో లేబుల్ మొదటి సింగిల్ నెక్రోస్‌ది 100 కాపీలు, తర్వాత ఫిక్స్ వాళ్ల వెంజెన్స్ 200. అవి దొరుకుతాయని ఆశ పెట్టుకోకు, విను చాలు.

రనౌట్_రాతలు:
కొన్నాక ఎలా దాచాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే రాస్తున్నా. మెత్తటి పీవీసీ కవర్లలో అస్సలు పెట్టొద్దు, కొన్నేళ్లకి అందులోంచి వచ్చే రసాయనం రికార్డు మీద పొగమంచులా పట్టేస్తుంది, కడిగినా పోదు. పాలిథీన్ కవర్లు వాడండి. ఇలాంటి మడత కాగితం స్లీవులైతే రికార్డుని విడిగా ఇన్నర్ కవర్‌లో పెట్టి స్లీవ్‌ని పక్కన ఉంచి రెండింటినీ కలిపి ఒక కవర్‌లో పెట్టండి, లేకపోతే అంచులు చిరుగుతాయి, గుండ్రటి అచ్చు పడుతుంది. నిలువుగానే నిలబెట్టండి, ఒకదాని మీద ఒకటి దొంతర పేర్చొద్దు, వంకరపోతాయి. దుమ్ముపట్టిన పాత రికార్డు రాగానే ఆత్రంగా ముల్లు పెట్టేయకుండా ముందు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరనివ్వండి, గాడిలో ఉన్న ఇసుకని ముల్లు ఇంకా లోపలికి నూరేస్తుంది.

మొదటి రికార్డు ఏది తీసుకున్నారో రనౌట్ ఫొటోతో ఇక్కడే పెట్టండి, ఏ ప్రెస్సింగో కలిసి చూద్దాం.