గ్యాలరీలో ప్రతి ఫొటో కింద వివరం కనిపించేలా రాయడం ఎలా?

అందరికీ నమస్తే. మాది తిరుపతి దగ్గర శ్రీకాళహస్తి. మా అమ్మ కలంకారీ వేస్తుంది, ఆమె పని చూపించడానికి ఒక వెబ్‌సైట్ బిల్డర్‌లో సైట్ తయారు చేస్తున్నాను. గ్యాలరీలో 24 ఫొటోలు బాగానే వచ్చాయి, కానీ ఒక్కోదాని కింద రెండు మూడు వాక్యాలు రాద్దామంటే కుదరడం లేదు.

క్యాప్షన్ అని ఉన్నచోట రాస్తే కంప్యూటర్‌లో మౌస్ ఫొటో మీదికి తెచ్చినప్పుడే కనిపిస్తోంది, ఫోన్‌లో అసలు రావడం లేదు, మాకు ఆర్డర్లిచ్చే వాళ్లంతా చూసేది ఫోన్‌లోనే. ఆల్ట్ టెక్స్ట్‌లో రాశాను, అది చూపులేనివారికి స్క్రీన్ రీడర్ చదివి వినిపించడానికట, పేజీ మీద కనపడదు. చివరికి ఫొటో మీదే అక్షరాలు వేసి ఎక్కిస్తే, గ్యాలరీ అన్నిటినీ చతురస్రంగా కత్తిరించేసి సగం మాటలు పోయాయి. చాలా బాధేసింది.

మచిలీపట్నంలో కలంకారీని అచ్చులతో అద్దుతారు, మా దగ్గర కలంతో చేత్తోనే గీస్తారు. బట్టను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టడం, బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి రోజుల తరబడి ఊరబెట్టి నలుపు తీయడం, ఇదంతా ఫొటో చూస్తే తెలియదు కదా. ఇది చదివితేనే ధర అంత ఎందుకో అర్థమవుతుంది.

గ్యాలరీ వదిలేసి ఒక్కో ఫొటో, దాని కింద టెక్స్ట్ బ్లాక్ పెట్టుకుంటూ పోవాలా? లేక పేజీ రూపం మార్చే సీఎస్ఎస్ కోడ్‌తో క్యాప్షన్ ఎప్పుడూ కనిపించేలా చేయొచ్చా? నాకు కోడ్ రాదు, ఏది ఎక్కడ అతికించాలో చెబితే చేసుకుంటాను. దయచేసి ఎవరైనా చెప్పండి.